స్టుట్‌గార్ట్ రైల్వే స్టేషన్: 16 పట్టాలు తీసి 8 పట్టాలు ఎందుకు వేస్తున్నారు?

జర్మనీ నైరుతి మూలన ఉన్న స్టుట్‌గార్ట్‌లో 16 పట్టాల రైల్వే స్టేషన్ వందేళ్లుగా పనిచేస్తోంది. దాని స్థానంలో, దానికి అడ్డంగా, భూమి కింద 8 పట్టాల స్టేషన్ కడుతున్నారు. ఈ ఆలోచన జనం ముందుకు వచ్చింది 1994లో. పని మొదలైంది 2010లో. 2019 చివరికల్లా రైళ్లు నడుస్తాయన్నారు. 2025 చివరికి కూడా ప్రారంభ తేదీ ఖాయం కాలేదు. 2009లో ఒప్పందం రాసుకున్నప్పుడు ఎంత పెరిగినా 450 కోట్ల యూరోల దగ్గర ఆగుతుందనుకున్న ఖర్చు 1,100 కోట్లు దాటిపోయింది.

ఆలస్యం, ఖర్చు, ఆందోళనలు. ఈ స్టేషన్ గురించిన వార్తలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. అవన్నీ నిజమే, కానీ అవి ఫలితాలు. కారణాలు మాత్రం ఊరి నేల స్వరూపంలో ఉన్నాయి, పట్టాలు ఆగిపోయే స్టేషన్ నడిచే పద్ధతిలో ఉన్నాయి, ఒక ఇంజినీరింగ్ ప్రశ్నకు భూముల లెక్క వచ్చి కలవడంలో ఉన్నాయి. ఒకచోట వదిలించుకున్న ఇబ్బంది ఇంకోచోట ఎలా తేలుతూ వచ్చిందో మొదటి నుంచి చూస్తేనే ఈ వ్యవహారం అర్థమవుతుంది.

కొండల మధ్య ఊరు, రైలుకు దారి ఒక్కటే

స్టుట్‌గార్ట్ నడిబొడ్డు ఒక గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది. మూడు పక్కలా నిటారు కొండలు, ఈశాన్యంగా నెకర్ నది వైపు మాత్రమే తెరపి. 1840లలో వుర్టెంబర్గ్ రాజ్యం రైలు మార్గం వేయాలనుకున్నప్పుడు ఆనాటి ఆవిరి ఇంజిన్లు ఆ కొండలెక్కలేవు. రైలు ఊళ్లోకి రావాలంటే ఆ తెరపిలోంచే రావాలి, వచ్చాక అక్కడే ఆగాలి. ముందుకు పోవడానికి దారి లేదు కనుకే పట్టాలు అక్కడ ఆగిపోయాయి.

1845లో నెకర్ ఒడ్డున కాన్‌స్టాట్ నుంచి ఉంటర్‌టుర్క్‌హైమ్ దాకా మొదటి ముక్క తెరిచారు. మరుసటి ఏడాది రాజుగారి రోజెన్‌స్టైన్ భవనం కింద సొరంగం తవ్వి రైలును ఊళ్లోకి తెచ్చారు. అప్పటి స్టేషన్‌కు నాలుగే పట్టాలు. అది రాజభవనానికి కూతవేటు దూరంలో, ఇప్పుడు బోల్ట్స్ వీధి అంటున్న చోట ఉండేది. 1860లలో అదే స్థలంలో పెద్దది కట్టి పట్టాలను ఎనిమిదికి పెంచారు. ఆ రెండో స్టేషన్ ముఖద్వారపు కమానులు ఈనాటికీ ఉన్నాయి. వాటి వెనక ఒక సినిమా హాలు వెలసింది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఎనిమిది పట్టాలూ చాల్లేదు. చుట్టూ ఊరు పెరిగిపోయింది, స్టేషన్‌ను పక్కలకు విస్తరించడానికి జాగా లేదు. దాంతో స్టేషన్‌ను సుమారు అర కిలోమీటరు వెనక్కి, కొండల తెరపి వైపు జరపాలని నిర్ణయించారు. నడిబొడ్డులో ఖాళీ అయిన పాత రైల్వే స్థలం మీద కొత్త వీధులు, భవనాలు లేచాయి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్టేషన్ జరిపితే నడిబొడ్డున విలువైన భూమి మిగులుతుందన్న పాఠం ఊరికి అప్పుడే అందింది. ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే లెక్క తెరమీదికి వచ్చింది.

కొత్త స్టేషన్ డిజైన్ పోటీలో పాల్ బోనాట్స్, ఫ్రీడ్రిష్ ఓయ్‌గెన్ షోలర్ గెలిచారు. 1914లో పని మొదలైంది, వెంటనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సగం స్టేషన్‌ను 1922 అక్టోబరులో తెరిచారు, మిగతా సగం 1928కి పూర్తయింది. పెద్దగా నగిషీలు లేకుండా గరుకు సున్నపురాతి దిమ్మెలు పేర్చిన పొడవాటి గోడలు, చదును కప్పులు, ఒక పక్క 56 మీటర్ల గడియారపు బురుజు. అప్పటిదాకా ఐరోపాలో పెద్ద స్టేషన్లంటే రాజభవనాల్లా అలంకరించి కట్టేవారు. ఆ అలవాటును పక్కనపెట్టిన కట్టడాల్లో ఇది ముఖ్యమైనది. రెండో ప్రపంచ యుద్ధపు బాంబుల్లో బాగా దెబ్బతిన్నా గోడలు, బురుజు నిలిచాయి. బురుజు మీద గిర్రున తిరిగే మెర్సిడెస్ నక్షత్రం 1952లో వచ్చింది.

పట్టాలు ఆగిపోతే వచ్చే ఇబ్బంది ఏమిటి

హౌరా–చెన్నై దారిలో విశాఖపట్నం మీదుగా ప్రయాణించినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. రైలు స్టేషన్‌లోకి వస్తుంది. వచ్చిన ఇంజిన్ పట్టాల చివర చిక్కుకుపోతుంది. వెనక కొసకు ఇంకో ఇంజిన్ తెచ్చి తగిలిస్తారు, బ్రేకు గొట్టాలు కలుపుతారు, గాలి నింపి బ్రేకు పరీక్ష చేస్తారు. అప్పుడు రైలు వచ్చిన దారినే వెనక్కి బయల్దేరి తన దారి పడుతుంది. ఇంత తతంగానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. విశాఖలో ఈ అవస్థ తప్పించడానికే కొన్ని రైళ్లను ఊళ్లోకి రానివ్వకుండా దువ్వాడ మీదుగా పంపేస్తుంటారు.

స్టుట్‌గార్ట్‌లోనూ దశాబ్దాల పాటు జరిగింది ఇదే. అయితే సమయం కన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ఇటు నుంచి వచ్చి అటు పోయే స్టేషన్‌లో రాకపోకలకు రెండు వేర్వేరు మొగలుంటాయి. మొగ అంటే ప్లాట్‌ఫాంల పట్టాలన్నీ వచ్చి కలిసే ఇరుకు చోటు. టెర్మినల్ స్టేషన్‌లో వచ్చే రైలూ పోయే రైలూ ఒకే మొగలోంచి సాగాలి. 3వ ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరిన రైలు, 12వ ప్లాట్‌ఫాంకు వస్తున్న రైలు అక్కడ ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్ల అల్లికలో ఒకదాని దారికి మరొకటి అడ్డం పడితే ఒకటి ఆగాల్సిందే. ప్లాట్‌ఫాంలు ఎన్ని కట్టినా ఈ మొగ ఇరుకైతే ఉపయోగం ఉండదు.

1910, 20లలో ఈ స్టేషన్ కట్టినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే స్టేషన్ బయట పట్టాలను ఒకదాని మీదుగా ఒకటి దాటించే రైలు ఫ్లైఓవర్లు వరసగా కట్టారు. ఫోయర్‌బాహ్ వైపు, కాన్‌స్టాట్ వైపు, దక్షిణాన బోబ్లింగెన్ వైపు పోయే మార్గాలు నేలమీద ఒకదాన్నొకటి కోసుకోకుండా, పైనుంచీ కిందనుంచీ విడిపోయి స్టేషన్‌లో తమ తమ పట్టాల గుంపులోకి దిగుతాయి. ఒకేసారి ఒక రైలు రావచ్చు, ఇంకొకటి పోవచ్చు, మూడోది యార్డులోకి వెళ్లొచ్చు. స్టుట్‌గార్ట్ స్టేషన్ అనగానే అందరూ బోనాట్స్ గోడలనూ బురుజునూ తలచుకుంటారు కానీ, ఇంజినీరింగ్ పరంగా ఆ స్టేషన్ గొప్పతనం ప్రయాణికుల కంటికి ఆనని ఈ పట్టాల అల్లికలో ఉంది. జర్మనీ పెద్ద స్టేషన్లలో రైళ్లు వేళకు నడవడంలో దీనికి మంచి పేరు రావడానికి కారణం అదే.

ఇంజిన్ మార్పిడి సమస్య కూడా కాలక్రమంలో పలచబడింది. రైలు ఒక కొసన ఇంజిన్, రెండో కొసన డ్రైవర్ క్యాబిన్ ఉన్న పెట్టె పెడితే ఇంజిన్ విప్పే పని ఉండదు. డ్రైవరు రెండో కొసకు నడిచి వెళ్తే చాలు. లేదా అక్కడ ఇంకో డ్రైవరు సిద్ధంగా ఉంటే అది కూడా అక్కర్లేదు. 1991లో మొదలైన జర్మనీ వేగ రైళ్లు ఐసీఈలకు రెండు కొసలా క్యాబిన్లే. 1978లో శివారు రైళ్లను విడిగా భూమి కింది రెండు పట్టాల స్టేషన్‌కు మళ్లించారు, దాంతో పైన రద్దీ తగ్గింది. అంటే 1994 నాటికి 'పట్టాలు ఆగిపోయే స్టేషన్ పాతబడిపోయింది' అన్న వాదనలో బలం సగానికి సగం తగ్గిపోయింది. మిగిలిన నిజమైన లోపం ఒకటే. మాన్‌హైమ్ నుంచి మ్యూనిక్ పోయే రైలు లోయలోకి దిగి, వెనక్కి తిరిగి, మళ్లీ బయటపడాలి.

'చేర్చుదాం' కాస్తా 'తీసేద్దాం' అయింది

స్టేషన్ దాటాక అసలు జాప్యం మ్యూనిక్ వైపు వచ్చే ఉల్మ్ నగరం దారిలో ఉంది. గైస్లింగెన్ దగ్గర 1850లో తెరిచిన ఘాట్ మార్గం వెయ్యి మీటర్లకు 22 మీటర్లకు పైగా ఎక్కుతుంది, మలుపుల వల్ల వేగం గంటకు 70 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 1988లో స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ గెర్హార్డ్ హైమెర్ల్ ఒక ప్రతిపాదన చేశారు. ఉల్మ్‌కు మోటారు రహదారి పక్కగా కొత్త వేగ మార్గం వేయాలి, దూరప్రాంత రైళ్ల కోసం స్టేషన్ కింద నాలుగు పట్టాలు అడ్డంగా వేయాలి, పైన ఉన్న 16 పట్టాలను అలాగే ఉంచాలి. దూరప్రాంత రైళ్లు కిందనుంచి దూసుకుపోతాయి, ప్రాంతీయ రైళ్లు పైన ఆగుతాయి.

1994 ఏప్రిల్‌లో రైల్వే అధిపతి హైంట్స్ డ్యూర్, రాష్ట్ర ముఖ్యమంత్రి ఎర్విన్ టోయ్‌ఫెల్, నగర మేయర్ మాన్‌ఫ్రెడ్ రోమెల్, కేంద్ర రవాణా మంత్రి మాథియాస్ విస్‌మన్ కలిసి ప్రకటించిన 'స్టుట్‌గార్ట్ 21' పథకం మాత్రం వేరు. పైన ఒక్క పట్టా మిగలదు. అన్ని రైళ్లూ కిందికే, 8 పట్టాలకు. పైన ఖాళీ అయ్యే వంద హెక్టార్ల నేల, అంటే సుమారు 250 ఎకరాలు, నగరానికి. ఆ నేల అమ్మిన డబ్బు పథకం ఖర్చుకు. 2001లో నగరం ఆ భూములను 40 కోట్ల యూరోలకు పైగా పెట్టి ముందుగానే కొనేసింది కూడా.

ఇక్కడే ముడి పడింది. ఉన్నదానికి నాలుగు పట్టాలు చేర్చాలన్నది రవాణా ఆలోచన. ఉన్నవి మొత్తం తీసేయాలన్నది భూముల ఆలోచన. లోయలో ఇరుక్కుపోయిన ఊరికి నడిబొడ్డున 250 ఎకరాలంటే చిన్న విషయం కాదు, ఇళ్ల కొరత ఉన్నచోట ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ స్టేషన్ ఎంత ఉండాలి అన్నది రైళ్ల అవసరాన్ని బట్టి కాక, పైన ఏమీ మిగలకూడదన్న షరతును బట్టి తేలింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల గొడవంతా ఆ షరతు నుంచి పుట్టిందే. ఇదే పంథాలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు, మ్యూనిక్‌కు వేసిన పథకాలు ఖర్చు లెక్కలు చూశాక ఆగిపోయాయి. స్టుట్‌గార్ట్ ఒక్కటే ముందుకు వెళ్లింది.

ఇప్పుడు 16కు 8 ప్రశ్నకు వద్దాం. పథకం సమర్థకుల లెక్క తప్పేమీ కాదు. ఇటు నుంచి వచ్చి అటు పోయే స్టేషన్‌లో రైలు వచ్చి, రెండు మూడు నిమిషాలు ఆగి, ముందుకు పోతుంది. వెనక్కి తిరిగే పని లేదు, మొగ దగ్గర గుద్దులాట తక్కువ. కనుక ఒక్కో పట్టా ఎక్కువ రైళ్లను మోస్తుంది. 2011లో జ్యూరిక్‌కు చెందిన ఎస్ఎంఏ సంస్థ కంప్యూటర్ పరీక్ష నడిపినప్పుడు పొద్దున రద్దీ గంటలో 49 రైళ్లు పట్టాయి. పాత స్టేషన్‌లో అప్పుడు ఆ గంటలో నడుస్తున్నవి 37. కాగితం మీద 30 శాతం ఎక్కువ.

అదే లెక్కను పట్టాల వారీగా విడదీస్తే రెండో పక్క కనిపిస్తుంది. 16 పట్టాల మీద 37 రైళ్లంటే ఒక్కో పట్టా మీదికి సగటున 26 నిమిషాలకు ఒక రైలు. 8 పట్టాల మీద 49 అంటే పది నిమిషాలకు ఒకటి. పాత స్టేషన్‌లో ఒక రైలు పది నిమిషాలు ఆలస్యమైతే దాని పట్టా ఖాళీగానే ఎదురుచూస్తుంది, మిగతావాటికి ఇబ్బంది లేదు. కొత్తదాంట్లో ఆ పది నిమిషాల్లో వెనక రైలు వచ్చి సొరంగం మొగలో నిలబడి ఉంటుంది. పైగా స్విట్జర్లాండ్‌లో బాగా పనిచేస్తున్న పద్ధతి ఒకటుంది. అన్ని దిక్కుల రైళ్లూ ఒకే సమయానికి స్టేషన్‌కు చేరి, ప్రయాణికులు అటూ ఇటూ మారాక, కొన్ని నిమిషాల తేడాతో బయల్దేరతాయి. జర్మనీ కూడా దేశమంతటా ఆ పద్ధతి తేవాలనుకుంటోంది. దానికి వేగంగా ఖాళీ అయ్యే కొద్ది పట్టాల కన్నా, ఒకేసారి నిలబడగలిగే ఎక్కువ పట్టాలు కావాలి. గంటకు ఎన్ని రైళ్లు పడతాయి అన్న ప్రశ్నకు 8 చాలు. రైళ్లు ఒకదాని కోసం ఒకటి ఆగగలవా అన్న ప్రశ్నకు 8 చాలవు. వాదించుకున్న రెండు పక్షాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ వచ్చాయి.

వీధిలోకి వచ్చిన స్టేషన్

2010లో బోనాట్స్ కట్టడం ఉత్తరపు రెక్కను కూల్చడంతో ఊరు కదిలింది. సెప్టెంబరు 30న స్టేషన్ పక్క ఉద్యానంలో చెట్లు కొట్టేందుకు దారి చేయడానికి పోలీసులు నీటి ఫిరంగులు, మిరియపు స్ప్రే వాడారు. వందమందికి పైగా గాయపడ్డారు, ఒక పెద్దాయన చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆ చర్య చట్టవిరుద్ధమని 2015లో కోర్టు తేల్చింది. సీనియర్ రాజకీయ నాయకుడు హైనర్ గైస్లర్ మధ్యవర్తిగా, రెండు పక్షాల నిపుణులు వారాల తరబడి టీవీ ప్రత్యక్ష ప్రసారంలో పాయింట్లు, వాలులు, టైంటేబుళ్ల గురించి వాదించుకున్నారు. పైన చెప్పిన 49 రైళ్ల పరీక్ష ఆ మధ్యవర్తిత్వపు ఫలితమే. 2011 మార్చి ఎన్నికల తర్వాత విన్‌ఫ్రీడ్ క్రెచ్‌మన్ గ్రీన్ పార్టీ తరఫున దేశంలోనే మొదటి రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. పథకాన్ని వ్యతిరేకించిన పార్టీ అది. కానీ అదే ఏడాది నవంబరు 27న రాష్ట్రవ్యాప్తంగా ఓటు పెడితే, రాష్ట్రం పథకం నుంచి తప్పుకోవద్దని 58.9 శాతం తీర్పిచ్చారు. స్టుట్‌గార్ట్ నగరంలోనూ మెజారిటీ అటే. అప్పుడు జనం ముందున్న ఖర్చు అంకె 450 కోట్లే. 2013 మార్చికల్లా రైల్వే సంస్థ దాన్ని 650 కోట్లకు పైగా పెంచింది.

2012లో జరిగిన మూడు ప్రమాదాలు, నడుస్తున్న స్టేషన్ పక్కనే గొయ్యి తవ్వడం ఎంత సున్నితమైన పనో చూపించాయి. ప్రధాన భవనానికీ పట్టాల చివరకూ మధ్య కొత్త స్టేషన్ గొయ్యికి జాగా కావాలి. అందుకోసం ప్లాట్‌ఫాంలను సుమారు 120 మీటర్లు బయటికి జరపాల్సి వచ్చింది, దాంతో మొగలోని పాయింట్లను కొత్తగా అమర్చారు. 10వ పట్టా నుంచి బయటికి వచ్చే దారిలో ఒక మలుపు, వెంటనే దానికి ఎదురు దిక్కుకు ఇంకో మలుపు పడ్డాయి. అలాంటి జంట మలుపులో పక్కపక్క పెట్టెల కొసలు ఎదురెదురు దిక్కులకు జరుగుతాయి. జర్మనీ పెట్టెల కొసలకు రెండు పక్కలా, పక్క పెట్టె తాకిడిని మోసే బఫర్లుంటాయి. ఇంజిన్ ముందుండి లాగుతుంటే బఫర్ల మీద పెద్ద ఒత్తిడి ఉండదు. వెనకనుంచి తోస్తుంటే ఆ బలమంతా బఫర్ల మీదుగానే పోవాలి. పక్కకు జరిగిన బఫర్ పళ్లాలు ఒకదాన్నుంచి ఒకటి జారి, అంచులు తగులుకుని, పెట్టెను పట్టా మీంచి తోసేశాయి. జులై 24న ఒకటి, సెప్టెంబరు 29న రెండోది. కారణం కనుక్కోవడానికి అక్టోబరు 9న నడిపిన పరీక్ష రైలు కూడా అక్కడే పట్టా తప్పింది. ఆ పట్టాను చాన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. ఇంజిన్ మార్పిడి తప్పించిన అదే వెనకనుంచి తోసే పద్ధతి, మొగ ఇరుకయ్యేసరికి ఇలా ప్రమాదకరమైంది.

నేల కింద అసలు పరీక్ష

పథకం మొత్తంలో సుమారు 59 కిలోమీటర్ల సొరంగాలున్నాయి. స్టేషన్ రెండు కొసల నుంచి ఫోయర్‌బాహ్, కాన్‌స్టాట్, ఓబర్‌టుర్క్‌హైమ్ వైపు, దక్షిణాన విమానాశ్రయం ఉన్న ఫిల్డర్ పీఠభూమి వైపు అవి విచ్చుకుంటాయి. ఫిల్డర్ సొరంగం దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, స్టేషన్ నుంచి పీఠభూమికి 155 మీటర్ల ఎక్కుడు.

ఈ కొండల్లో అన్‌హైడ్రైట్ అనే రాయి ఉంది. నీళ్లు లేని జిప్సం అనుకోవచ్చు. పొడిగా ఉన్నంతకాలం అది గట్టి రాయి. నీరు తగిలితే మెల్లగా జిప్సంగా మారుతుంది, మారేటప్పుడు ఘనపరిమాణం 60 శాతం దాకా పెరుగుతుంది. ఆ ఉబ్బుకు ఎదురునిలిచే కాంక్రీటు దాదాపు ఉండదు. ఇదే రాష్ట్రంలో ష్టౌఫెన్ అనే చిన్న ఊళ్లో 2007లో పురపాలక భవనాన్ని భూతాపంతో వెచ్చబరచడానికి బోర్లు వేశారు. కింది నీరు అన్‌హైడ్రైట్ పొరలోకి చేరింది. నేల ఉబ్బి, రెండు వందలకు పైగా ఇళ్లు పగుళ్లిచ్చాయి. స్టుట్‌గార్ట్ పక్కనే లియోన్‌బర్గ్ దగ్గర మోటారు రహదారి ఎంగెల్‌బర్గ్ సొరంగంలోనూ ఇదే రాయి నేలను పైకి నెట్టి మరమ్మతులు పెట్టింది.

కనుక అలాంటి పొరలో తవ్వేటప్పుడు మొదటి నియమం నీరు చేరనీయకపోవడం. సొరంగం వెంట నీరు ఒక పొర నుంచి ఇంకో పొరకు పాకకుండా పొరల సరిహద్దుల దగ్గర అడ్డుకట్టల్లాంటి కాంక్రీటు వలయాలు కడతారు. చుట్టూ రాతి చీలికల్లోకి జెల్ ఎక్కించి మూసేస్తారు. లోపలి గోడ మందం బాగా పెంచుతారు. ఇవన్నీ సరిగ్గా చేసినా ఫలితం ఇప్పుడే తెలియదు. ఉబ్బు ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి సాగే వ్యవహారం.

కొండల్లో నీరు రాకూడదు, లోయలో నీరు పోకూడదు. స్టుట్‌గార్ట్ కింద ఖనిజ జలాల నిల్వ ఉంది, ఐరోపాలో బుడాపెస్ట్ తర్వాత పెద్దది ఇదే అంటారు. లోతు రాళ్లలో ఒత్తిడితో ఉన్న ఆ నీటిమీద మూతలా పనిచేసేవి పై పొరలు, వాటిలోని మామూలు భూగర్భ జలం. గొయ్యి తవ్వడానికి పై నీటిని తోడిపోస్తే కింది నీటి మీద బరువు తగ్గి, అది పైకి తన్నుకురావచ్చు, కాన్‌స్టాట్ ఊటలు బలహీనపడొచ్చు. అందుకే తోడిన నీటిని శుభ్రం చేసి మళ్లీ చుట్టుపక్కల బావుల్లోకి దించుతూ వచ్చారు. ఏళ్ల తరబడి నగర నడిబొడ్డులో తలల మీదుగా, రోడ్ల మీదుగా సాగిన నీలం గొట్టాలు అందుకోసం వేసినవే. వాటి పొడవు కిలోమీటర్లకు కిలోమీటర్లు.

స్టేషన్ హాలుదే ఇంకో చిక్కు. అది భూమి కింద ఇప్పటికే ఉన్న శివారు రైళ్ల సొరంగం, ట్రామ్ సొరంగాలు, నేసెన్‌బాహ్ వాగును మోసే పెద్ద కాలువ మధ్య ఇరుక్కుంది. వాగు కాలువను కొత్తగా హాలు కిందికి దించి అవతల పైకి తీసుకురావాల్సి వచ్చింది. ఇన్నింటి మధ్య ఎత్తులు సరిపెట్టాలంటే హాలును చదునుగా కట్టే వీల్లేకపోయింది. 400 మీటర్ల పైచిలుకు ప్లాట్‌ఫాం ఒక కొసకూ మరో కొసకూ తేడా సుమారు 6 మీటర్లు. అంటే వెయ్యికి 15. జర్మనీ రైల్వే నిర్మాణ నిబంధనలు కొత్త స్టేషన్ పట్టాలకు వాలు వెయ్యికి 2.5 దాటకపోతే మంచిదంటాయి. ఇది దానికి ఆరు రెట్లు. నిబంధనలో ఉన్నది సిఫారసే కనుక, అదే స్థాయి భద్రత వేరే మార్గాల్లో చూపించాలన్న షరతు మీద అనుమతి వచ్చింది.

ఆ వాలు అంటే ఏమిటో లెక్కేస్తే తెలుస్తుంది. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లడానికి వెయ్యికి రెండు వంతుల వాలు చాలు. వెయ్యికి 15 వాలులో బ్రేకు వదిలిన రైలు సెకను సెకనుకూ వేగం పుంజుకుంటూ, పది సెకన్లలో ఆరు మీటర్లకు పైగా జరిగిపోతుంది. తలుపులు తెరిచి జనం ఎక్కుతుంటే అది ప్రాణాంతకం. కొలోన్ స్టేషన్‌లో వాలు ఇంతకన్నా చాలా తక్కువ, అయినా అక్కడ రైళ్లు తమంతట తాము జరిగిన ఘటనలు నమోదయ్యాయి. తలుపులు తెరిచి ఉన్నంతసేపు బ్రేకు పట్టి ఉండేలా చేసే ఏర్పాట్లు కొత్త రైళ్లలో ఉంటాయి. కానీ ఏదో ఒక రోజు ఏదో ఒక పాత పెట్టె, ఏదో ఒక పొరపాటు తారసపడతాయి. ఈ వాలు స్టేషన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పథకంలోని లోపాల్లో ఇంక దిద్దుకోలేనిది ఇదే అని చెప్పాలి.

హాలు కప్పు గురించి చెప్పకపోతే అన్యాయం. ఆర్కిటెక్ట్ క్రిస్టోఫ్ ఇంగెన్‌హోఫెన్ కార్యాలయం 1997లో పోటీ గెలిచిన డిజైన్ ఇది, తొలిదశలో పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రై ఓటో చేయి కూడా ఉంది. 28 కాంక్రీటు స్తంభాలు కిందనుంచి సన్నగా లేచి, పైకి పోయేకొద్దీ విచ్చుకుని, పక్కదాని అంచుతో కలిసి కప్పుగా మారతాయి. మధ్యలో ఉండే గుండ్రటి గాజు కిటికీల్లోంచి పగటి వెలుతురు ప్లాట్‌ఫాం దాకా దిగుతుంది. ఎక్కడా తిన్నని గీత లేదు కనుక అచ్చులను ఒక్కొక్కటీ చెక్కతో యంత్రాల మీద చెక్కించారు. ఒక్కో పెద్ద స్తంభానికి సుమారు 350 టన్నుల ఉక్కు కడ్డీలు, వేటికవే వేరే వంపుతో వంచినవి. ముందు పాదం, తర్వాత పై గిన్నె, ఇలా రెండు విడతల్లో కాంక్రీటు పోశారు. ఆలస్యంలో వీటికీ వాటా ఉంది. అయినా ఈ పథకాన్ని గట్టిగా విమర్శించేవాళ్లు కూడా ఆ హాలులో నిలబడితే అది మంచి పనితనమని ఒప్పుకుంటారు.

పట్టాలు పరిచాక కూడా రైలు ఎందుకు రాలేదు

ఇటీవలి ఆలస్యానికి కారణం సిగ్నళ్లు. పట్టాలు సగానికి తగ్గినప్పుడు రైలు వెనక రైలు దగ్గరదగ్గరగా రావాలి. దానికి పట్టాల పక్కన స్తంభాల మీది సిగ్నళ్లు చాలవు. సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య దూరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఎంత వేగంతో ఎంతదూరం పోవచ్చో రేడియో ద్వారా డ్రైవర్ ముందున్న తెరమీదికే పంపే ఐరోపా పద్ధతి ఈటీసీఎస్‌ను ఎంచుకున్నారు. స్టుట్‌గార్ట్ ప్రాంతం మొత్తాన్ని దీనికి దేశంలో మొదటి ప్రయోగశాలగా ప్రకటించారు. చిక్కేమిటంటే కొత్త స్టేషన్‌లో పాత సిగ్నళ్లు ఉండవు. ఆ పరికరం లేని రైలు లోపలికే రాలేదు. కనుక వందలాది శివారు రైళ్లను, ప్రాంతీయ రైళ్లను విప్పి పరికరాలు బిగించాలి, పరీక్షించాలి, అనుమతి తెచ్చుకోవాలి. కంట్రోల్ వ్యవస్థ సాఫ్ట్‌వేర్ తయారై, దానికీ అనుమతి రావాలి. పట్టాల కొరతను సాఫ్ట్‌వేర్‌తో పూడ్చాలన్న నిర్ణయానికి ఇది తప్పని పర్యవసానం. ప్రారంభం 2019 నుంచి 2021కి, 2025కి, 2026 డిసెంబరుకు జరిగింది. అది కూడా కుదరదని 2025 నవంబరులో రైల్వే సంస్థ చెప్పింది.

ఇక డబ్బు. ఒప్పందంలో 452.6 కోట్ల యూరోల దాకా ఎవరి వాటా ఎంతో స్పష్టంగా ఉంది. అది దాటితే భాగస్వాములు కూర్చుని మాట్లాడుకుంటారని మాత్రమే రాసుకున్నారు. మాట్లాడుకోవడమంటే పంచుకోవడమేనని రైల్వే సంస్థ రాష్ట్రం మీద, నగరం మీద, మిగతావాళ్ల మీద కోర్టుకెళ్లింది. 2024 మేలో స్టుట్‌గార్ట్ పరిపాలనా కోర్టు ఆ దావా కొట్టేసింది. 2025లో పై కోర్టు అప్పీలుకు కూడా అనుమతి ఇవ్వలేదు. పెరిగిన ఆరేడు వందల కోట్ల యూరోలు రైల్వే సంస్థ నెత్తినే పడ్డాయి. ఆ సంస్థ యజమాని జర్మనీ ప్రభుత్వం కనుక చివరికి భారం దేశమంతటిదీ.

ఇంత ఖర్చుకూ మూలమైన ఆ వంద హెక్టార్ల కథ కూడా ముందుకు కదల్లేదు. రైల్వే నేలను ఇతర పనులకు మళ్లించడాన్ని కఠినం చేస్తూ 2023 చివర్లో కేంద్రం చట్టం మార్చింది, స్టుట్‌గార్ట్‌లో ఇళ్ల ప్రణాళిక ఒక్కసారిగా ఆగిపోయింది. 2025లో ఆ చట్టాన్ని మళ్లీ సడలించారు. కానీ కింది స్టేషన్ పూర్తిగా నడిచేదాకా పై పట్టాలు తీయలేరు, తీసేదాకా ఒక్క ఇల్లూ కట్టలేరు. ఆ నేలకు ఒక కొసన, లోపలి నార్త్ స్టేషన్ దగ్గర, 1941 డిసెంబరు 1న నాజీలు సుమారు వెయ్యిమంది యూదులను లాట్వియాలోని రీగాకు బలవంతంగా పంపిన పట్టాలున్నాయి. ఆ తర్వాతా అక్కడి నుంచి అలాంటి రైళ్లు వెళ్లాయి. పౌరుల చొరవతో ఆ పట్టాలను అలాగే ఉంచి 2006లో స్మారకస్థలంగా తెరిచారు. పైన ఎన్ని ఇళ్లు లేచినా అవి కదలవు.

ఈలోగా ఉల్మ్ వైపు వేగ మార్గంలో వెండ్‌లింగెన్ నుంచి ఉల్మ్ దాకా 60 కిలోమీటర్ల ముక్క 2022 డిసెంబరు నుంచే నడుస్తోంది. స్టేషన్ సిద్ధం కాకపోయినా ప్రయాణికులకు దక్కిన లాభం అదొక్కటే. జ్యూరిక్ వైపు వెళ్లేవాళ్లకు మాత్రం నష్టమే ముందుంది. పై పట్టాలు తెగిన రోజు నుంచి ఆ మార్గం రైళ్లు నగర శివార్లలోని ఫైహింగెన్‌లో ఆగిపోతాయి. అక్కడ దిగి శివారు రైలు పట్టుకుని నడిబొడ్డుకు రావాలి. విమానాశ్రయం మీదుగా వాటిని మళ్లించడానికి సుమారు 11 కిలోమీటర్ల ఫాఫెన్‌స్టైగ్ సొరంగం తవ్వాలి, దానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పైన కొన్ని పట్టాలనైనా ఉంచండి అని ఆ మార్గంలోని ఊళ్లు, పర్యావరణ సంఘాలు అడుగుతున్నాయి. 1988లో హైమెర్ల్ గీసిన పటంలో ఆ పట్టాలు ఉండనే ఉన్నాయి.